తలుపు తెరిచే ముందు

అమ్మడూ,

ఒంగోలులో మానసిక వార్డు బాధ్యత నీకిచ్చారనీ, పగలంతా తలుపు తీసే ఉంచుతానంటున్నావనీ అన్నయ్య ఫోన్‌లో చెప్పాడు. గర్వంగా ఉంది, టెన్షన్‌గానూ ఉంది.

రిజిస్టర్లు, మందుల సంగతి నీకు తెలుసు. నేను పనిచేసిన ఒకచోట జరిగింది మాత్రం విను. ఒక పేషెంటు సాయంత్రం బయటికెళ్లిపోయాడు. బస్టాండులో క్షేమంగానే దొరికాడు. మర్నాడు గ్రిల్లుకు తాళం పడింది. కూతురికి ఫోన్ చేయించమని అతను పొద్దుటి నుంచీ బతిమాలుతున్నాడట, ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. అంతవరకూ వేపచెట్టు కింద వేరుశెనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నవాళ్లు ఇక గ్రిల్లు పట్టుకుని నిలబడటం మొదలుపెట్టారు. టీ కావాలన్నా, ఇంటివాళ్లు వచ్చారేమో చూడాలన్నా తాళంచెవి ఉన్న సిస్టర్‌ని అడుక్కోవాలి. అరుపులు పెరిగాయి, అరిచినవాళ్లకు ఇంజక్షన్లూ పెరిగాయి.

పైగా 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం తనంతట తాను చేరిన మనిషి వెళ్తానంటే ఆపకూడదు. అవసరమనిపిస్తే పరీక్షించడానికి 24 గంటలు ఆపొచ్చు, అంతే. గ్రిల్లు వేస్తే వాళ్లూ బందీలే. తమిళనాడు ఎర్వాడిలో మానసిక రోగుల్ని ఉంచే ఆశ్రమంలో 2001లో గొలుసులతో కట్టేసినవాళ్లు 28 మంది మంటల్లో పోయారు. అప్పటి నుంచి ఏ వార్డుకెళ్లినా తాళంచెవి ఎవరి దగ్గరుందోనని నా కళ్లు వెతుకుతాయి.

పైవాళ్లు అడ్డుచెబితే జర్మనీ లెక్క చూపించు. అక్కడ 21 ఆసుపత్రుల్లో 1998 నుంచి 2012 దాకా దాదాపు 3.5 లక్షల అడ్మిషన్లు పరిశీలిస్తే, తాళాల్లేని చోట ఆత్మహత్యలుగానీ పారిపోవడాలుగానీ ఎక్కువ లేవు. అది చూసి నువ్వు మాత్రం నిమ్మళంగా కూర్చోవద్దు. వాళ్లకున్నంత స్టాఫు నీకుండరు.

నన్ను నిద్రపోనివ్వనిది డ్యూటీ మారే వేళ. అందరూ గదిలో హ్యాండోవర్‌లో ఉంటారు, గుమ్మం ఖాళీ. మీ ఊళ్లో రైలుపట్టాలున్నాయి, హైవే ఉంది. ఆ అరగంట పేషెంట్లందరినీ పేరుపెట్టి పిలవగల సిస్టర్ ఒకరు గుమ్మం దగ్గర కూర్చోవాలి. ఫోన్ చూసుకుంటూ కాదు, వాళ్లతో కబుర్లు చెబుతూ. చనిపోతానన్న మాట ఎవరి నోట విన్నా, వాళ్ల పక్కన మనిషిని పెట్టు. తాళం ఉన్నా సరే, పెట్టాల్సిందే.

డబుల్ డ్యూటీ చేసి అన్నం మానేస్తున్నావట, ఊరుకోను. నీకే ఓపిక లేకపోతే వాళ్ల మాట ఎవరు వింటారు, తల్లీ?

మొదటి నెల ఉదయం 9 నుంచి 1 దాకే తెరువు. ఎవరైనా వెళ్లిపోతే, దొరకగానే ఎందుకెళ్లావని నువ్వే కూర్చుని అడుగు. తాళం కొనుక్కురమ్మని ఎవరినైనా పంపేముందు మాత్రం నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే.

మీ కావలి అత్త