ఓం శాంతి అని పెడితే సరిపోతుందా?

ప్రశ్న: నాకు 48 ఏళ్లు. ఖమ్మంలో ఉంటాం. మా పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో నా ప్రాణ స్నేహితురాలు అందరికీ జవాబిస్తుంది, నాకు తప్ప. నేను పెట్టినవన్నీ చూస్తుంది. ఇప్పుడు విజయవాడలో వాళ్లమ్మాయి పెళ్లి. నాకు ఒక్క ఫోన్ లేదు, శుభలేఖ గ్రూపులో పడేసింది. ఇంటర్ రెండేళ్లూ వాళ్లింట్లో ఉండే చదువుకున్నాను. రెండేళ్ల క్రితం వాళ్లమ్మగారు పోతే వెంటనే ‘ఓం శాంతి’ అని కూడా పెట్టాను. ఇంత అవమానం పడుతూ గ్రూపులో ఉండాలా, వచ్చేయాలా?

జవాబు: ఉంటే ఉండండి, లేకపోతే లేదు. 2022 నుంచి గ్రూపు వదిలితే అడ్మిన్‌లకే సమాచారం వెళ్తోంది. మీరు వెళ్లిపోయిన సంగతి ఆమె గమనిస్తుందన్న నమ్మకం కూడా లేదు. మెసేజ్‌ను నొక్కిపట్టి ఎవరెవరు చూశారో వెతకడం మాత్రం ఈ రోజే మానేయండి.

నాకు బాధ కలిగించింది ‘ఓం శాంతి అని కూడా పెట్టాను’ అన్న మాట. మీకు రెండేళ్లు అన్నం పెట్టిన తల్లి ఆవిడ. విజయవాడకు రైల్లో రెండు గంటల దారి. ఆ రోజు కుదరలేదనుకుందాం, పెద్దకర్మకు వెళ్లొచ్చు. ఆ తర్వాతైనా వెళ్లొచ్చు. వెళ్లినట్టు గానీ, ఫోన్ చేసినట్టు గానీ మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. బ్యాచ్‌లో మిగతావాళ్లు రెండు మాటలు పెడితే ఎవరూ తప్పుపట్టరు. ఆమె ఎదురుచూసింది మీ కోసం.

పెళ్లికి పిలిస్తే వెళ్తాం, చావుకు పిలవకపోయినా వెళ్తాం. అమెరికాలో ఉన్నవాళ్లు మెసేజ్‌తో సరిపెట్టారంటే అర్థం చేసుకోగలను. పక్క జిల్లాలవాళ్లూ అలాగే చేస్తుంటే నాకు కోపం వస్తుంది. బొట్టు పెట్టి పిలవలేదన్న మీ బాధ అబద్ధం కాదు. కానీ ఆవిడ చావుకు మీరిచ్చిన విలువ ఎంతో, ఈ పెళ్లికి మీకొచ్చిన పిలుపూ అంతే.

పెళ్లి రోజు దాకా ఆగకండి, ముందే వెళ్లండి. పొడుగాటి సంజాయిషీ మెసేజ్‌లు వద్దు. వస్తున్నానని ఫోన్ చేయండి, ఎత్తకపోయినా బయల్దేరండి. శుభకార్యం జరిగే ఇంట్లో ఆ మాట ఎత్తొచ్చా అని సందేహించకండి. ఆమె ఒంటరిగా దొరికినప్పుడు ‘అమ్మ పోతే రాలేదు, తప్పు చేశాను’ అని చెప్పండి. నాలుగు మాటలంటే పడండి. మీవారిని మాత్రం వెంట తీసుకెళ్లొద్దు. ఆయన ఉంటే కాఫీలూ మర్యాదలతోనే పూట గడిచిపోతుంది.