కూలింగ్‌లో ఉన్న బాబు మెదడు గురించి డాక్టర్లు ఇంకా ఏమీ ఎందుకు చెప్పడం లేదు?

మీ బాబు పుట్టగానే ఏడవలేదని, కూలింగ్ (మెదడుని కాపాడటానికి ఒంటిని చల్లగా ఉంచే చికిత్స) మొదలై ఇది రెండో రోజని, "ఎమ్మారై అయ్యాకే చెప్పగలం" అంటున్నారని రాశారు. ఏమైనా దాస్తున్నారా అని మీ అనుమానం. నేను ఎన్‌ఐసీయూలో, అంటే పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్‌లో నర్సుని, ఇలాంటి పిల్లల్ని చాలామందిని చూసుకున్నాను. దాయడం కాదండి. ఆక్సిజన్ అందక దెబ్బతిన్న మెదడు సంగతి ఏ ఒక్క పరీక్షతోనూ తేలదు.

ఆప్గార్ స్కోరు పట్టుకుని భవిష్యత్తు లెక్కేసుకోకండి. పుట్టిన నిమిషాల్లో బిడ్డ ఎలా ఉన్నాడో చెప్పడానికే అది. బొడ్డుతాడు రక్తంలో పీహెచ్ (ఆమ్లత్వాన్ని చెప్పే కొలత) 7 కంటే తగ్గిందంటే ఆక్సిజన్ కొరత గట్టిగానే ఉందని అర్థం, మెదడుకి ఎంత నష్టం జరిగిందో అది చెప్పదు.

తొలి ఆరు గంటల్లో డాక్టరు చేత్తో చేసే పరీక్షే కీలకం. హార్వీ, మార్గరెట్ సార్నాట్ అనే పరిశోధకులు 1976లో చెప్పిన మూడు దశలే (స్వల్పం, మధ్యస్థం, తీవ్రం) ఇప్పటికీ దానికి ఆధారం. తాకితే కళ్లు తెరుస్తాడా, కాళ్లూ చేతులూ వేలాడిపోతున్నాయా, కంటిపాపలు వెలుతురుకి స్పందిస్తున్నాయా, ఇవన్నీ చూస్తారు. గ్లవ్ వేసుకున్న వేలు నోట్లో పెడితే కొందరు గట్టిగా చప్పరిస్తారు, కొందరు ఊరికే కొరికినట్టు చేస్తారు, కొందరిలో కదలికే ఉండదు. దెబ్బ మధ్యస్థంగానో తీవ్రంగానో ఉంటే ఒంటి వేడిని 33.5 డిగ్రీల దగ్గర 72 గంటలు ఉంచుతారు. అందుకే బాబు చల్లగా, మందకొడిగా ఉంటాడు. అది చూసి బెంబేలెత్తకండి.

తలకి అంటించిన వైర్లు ఏఈఈజీవి, అంటే మెదడులోని విద్యుత్ తరంగాల్ని (ఈఈజీని) కుదించి చూపే యంత్రానివి. మానిటర్ మీద ఒక పట్టీలా గీత పాకుతూ ఉంటుంది చూడండి, దాని కింది అంచు 5 మైక్రోవోల్టుల పైన, పై అంచు 10 పైన ఉంటే మంచిది. దెబ్బ ఎక్కువైన కొద్దీ పట్టీ కిందికి జారుతుంది, మరీ తీవ్రమైతే సన్నబడుతుంది. మొదటి రోజు బాగాలేకపోయినా 48 గంటలకల్లా కోలుకుంటే మాకు ఆశ పెరుగుతుంది. పట్టీ కాసేపు వెడల్పై, కాసేపు సన్నబడి, మళ్లీ వెడల్పైతే నిద్రా మెలకువల లయ తిరిగొస్తోందన్నమాట. డ్యూటీలో అది కనిపించిన రాత్రి మా అందరి ముఖాలూ వెలిగిపోతాయి.

అయితే ఆ పట్టీని మీ అంతట మీరు చదవకండి. ఫిట్స్‌కి ఇచ్చే ఫెనోబార్బిటోన్, నొప్పికి ఇచ్చే మార్ఫిన్ లాంటి మందులు దాన్ని అణిచేస్తాయి. గుండె చప్పుడో వెంటిలేటరు కదలికో కలిస్తే, లేని బాగు ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకే కింద నడిచే అసలు ఈఈజీ గీతని కూడా మేం చూస్తాం. ఫిట్స్ కూడా అంతే, చాలాసార్లు ఒంటి మీద ఏమీ తెలియకుండా ఈఈజీలోనే వస్తాయి. మళ్లీ మెల్లగా వేడెక్కించేటప్పుడూ రావచ్చు, కాబట్టి వైర్లు అప్పటిదాకా ఉంచుతారు.

ఎమ్మారై సాధారణంగా నాలుగో రోజు నుంచి వారంలోపు తీస్తారు. మరీ ముందు తీస్తే గాయం పూర్తిగా కనపడకపోవచ్చు. మెదడు లోపలి బేసల్ గ్యాంగ్లియా, థాలమస్ ఎలా ఉన్నాయని తప్పకుండా అడగండి. కదలికల ఇబ్బందులు ఎక్కువగా అక్కడి దెబ్బతోనే వస్తాయి.

రిపోర్టు బాగున్నా ఫాలోఅప్ మానొద్దు. మూడు నెలలప్పుడు బాబు వెల్లకిలా పడుకుని కాళ్లూ చేతులూ ఆడిస్తుంటే వీడియో తీసి, ఆ చిన్నచిన్న కదలికల్ని నిపుణులు పరిశీలిస్తారు. ఏడాదిన్నర, రెండేళ్లప్పుడు ఎదుగుదల పరీక్షలుంటాయి.

రేపు రౌండ్స్‌లో డాక్టరుగారిని "బాగవుతాడా?" అని కాకుండా, "నిన్నటికీ ఇవాళ్టికీ ఏఈఈజీలో ఏం మారింది, ఫిట్స్ వచ్చాయా, ఏ మందు మీద ఉన్నాడు?" అని అడగండి. వీటికి వాళ్ల దగ్గర ఇవాళే జవాబుంటుంది.