పొగ ఎటు పోతుందో ముందు చూడండి

పాఠకుల ప్రశ్నలు, బోటు మెకానిక్ జవాబులు

బోట్ల ఇంజిన్లూ వైరింగూ చూసుకోవడం నా పని. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పెట్రోల్ జనరేటర్ గురించే. 'ఏ కంపెనీది కొనమంటారు?' అని అడిగిన ఉత్తరాలు పక్కన పెట్టేశాను. ఎక్కడ బిగించాలి, ఎలా నడపాలి అని అడిగినవాళ్లకే ఈ పేజీ.

ప్రశ్న: మాది చిన్న క్యాబిన్ బోటు. ఇంట్లో కరెంటు పోతే వాడుకునే 2 కిలోవాట్ల పెట్రోల్ జనరేటర్ ఒకటుంది. దాన్ని బోటు వెనక ఇంజిన్ గదిలో పెట్టి, సైలెన్సర్‌కి ఇనుప గొట్టం తగిలించి పొగ బయటికి పంపిస్తే సరిపోతుందా సార్?

సరిపోదండీ. పొగ గురించి ఆలోచించారు, సంతోషం. కానీ ఆ గదిలో పొగ కన్నా ముందు భయపడాల్సింది పెట్రోల్ ఆవిరికి. అది గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. ఇంటి దగ్గరైతే గుమ్మం దాటి బయటికి పోతుంది. బోటుకి తలుపులన్నీ పైనే ఉంటాయి కదా, కిందికి దిగిన ఆవిరికి దారి దొరకదు. బిల్జ్‌లోకి, అంటే బోటు అడుగున నీళ్లు చేరే చోటికి, జారి అక్కడే ఉండిపోతుంది. గాలిలో అది 1.4 శాతం ఉంటే చాలు, రవ్వ తగిలితే అంటుకుంటుంది. మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా పెట్రోల్ నుంచి మండేంత ఆవిరి వస్తుంది. కాబట్టి 'చలికాలమే కదా' అన్న ధీమా కూడా పనికిరాదు.

ఆ రవ్వ ఎక్కడి నుంచి వస్తుందంటారా? మీ జనరేటర్ లోంచే. స్విచ్ వేసినా, ఆపినా లోపల చిన్న మెరుపు వస్తుంది. స్టార్టర్ మోటార్ బ్రష్షుల దగ్గర రవ్వలు మామూలే. బోటు కోసం తయారుచేసే పెట్రోల్ జనరేటర్‌లో ఈ భాగాలన్నిటికీ లోపలి రవ్వ బయటి ఆవిరిని అంటించకుండా మూత ఉంటుంది. దీనికి ఐఎస్ఓ 8846 అని అంతర్జాతీయ ప్రమాణమే ఉంది. కారు స్టార్టర్, బోటు స్టార్టర్ పక్కపక్కన పెడితే పైకి ఒకేలా కనబడతాయి. చవగ్గా వస్తుందని కారుది బిగించే మెకానిక్కులు ఉన్నారు, వాళ్లతో నేను పోట్లాడుతూనే ఉంటాను. మీ ఇంటి జనరేటర్‌కి అలాంటి మూత ఏదీ ఉండదు. పైగా దాని ట్యాంకు నెత్తిమీదే, ట్యాంకు మూతకి గాలి రంధ్రం, కింద కార్బ్యురేటర్. అల ఊపుకి పెట్రోల్ ఎటు చిందుతుందో మీరే ఊహించండి.

ఇక ఆ ఇనుప గొట్టం. గాలితో చల్లబడే ఇంజిన్ని మూసిన గదిలో పెడితే తన వేడి గాలినే మళ్లీ పీల్చుకుంటుంది. గొట్టం కాలి ఎర్రబడేంత వేడెక్కుతుంది, దాని పక్కనే ఫైబర్ గోడ, చెక్క, వైర్లు. అతుకుల దగ్గర వణుకుడికి సందులు పడతాయి. ఆ సందుల్లోంచి వచ్చిన పొగ, వైర్ల కోసం గోడకి వేసిన రంధ్రాల్లోంచి నేరుగా మీరు పడుకునే క్యాబిన్‌లోకి వస్తుంది.

'అయితే పైన డెక్ మీద పెట్టుకుంటా' అంటారని తెలుసు. ఆవిరి బాధ కొంత తగ్గుతుంది, పొగ బాధ తగ్గదు. గాలి తిరిగితే ఆ పొగే కిటికీలోంచి లోపలికి వస్తుంది. ఆ జనరేటర్‌ని ఒడ్డున వాడుకోండి. బోటు మీదికి మాత్రం ఎక్కించకండి.

ప్రశ్న: బోటు కోసమే తయారైన, నీళ్లతో చల్లబడే పెట్రోల్ జనరేటర్ కొన్నాం. ఫిట్టర్ వచ్చి బిగిస్తాడు. దగ్గరుండి నేను ఏం చూసుకోవాలి?

ముందు నీళ్ల సంగతి చూడండి, ఎందుకంటే బిగింపులో ఎక్కువగా చెడేది అక్కడే. ఈ ఇంజిన్ బయటి నీటిని పంపుతో తోడుకుని, తను చల్లబడ్డాక ఆ నీటిని పొగ గొట్టంలోకి వదులుతుంది. అందుకే గొట్టం రబ్బరుదైనా కాలిపోదు. ఆ నీళ్లు పొగలో కలిసే చోటు బోటు బయటి నీటి మట్టానికి దగ్గరగా గానీ, దిగువన గానీ ఉంటే ఇంజిన్ ఆపేశాక కూడా నీళ్లు సైఫన్‌లా వస్తూనే ఉంటాయి. మఫ్లర్, అంటే పొగ గొట్టంలోని సైలెన్సర్, నిండి, ఇంజిన్ సిలిండర్లలోకి ఎక్కుతాయి. దీన్ని ఆపడానికి నీటి గొట్టాన్ని నీటి మట్టం కన్నా కనీసం ఒక అడుగు పైకి వంపు తిప్పి, ఆ వంపు నెత్తిన గాలి వాల్వ్ పెట్టాలి. ఫిట్టర్ 'అవసరం లేదండీ' అంటే మ్యాన్యువల్ తెరిచి బొమ్మ చూపించమనండి.

ఇందులోనే ఇంకో చిక్కు. ఇంజిన్ ఎంతకీ అందుకోకపోతే మనం స్టార్టర్ కొడుతూనే ఉంటాం. కొట్టిన ప్రతిసారీ పంపు నీళ్లు తోడుతుంది. ఇంజిన్ మండలేదు కాబట్టి ఆ నీళ్లని బయటికి తోసే పొగ ఒత్తిడి ఉండదు. మళ్లీ మఫ్లర్ నిండుతుంది, నీళ్లు వెనక్కి తంతాయి. అందుకని రెండు మూడు సార్లకి అందుకోకపోతే నీళ్లు వచ్చే వాల్వ్ మూసి, మఫ్లర్‌లో చేరిన నీళ్లు తీసేసి, అప్పుడు ప్రయత్నించండి. అందుకోగానే వాల్వ్ తెరవడం మర్చిపోకండి. నీళ్లు లేకుండా తిరిగితే పంపులోని రబ్బరు రెక్కలు చాలా త్వరగా కాలిపోతాయి.

పొగ గొట్టానికి రెండు చివరలా రెండేసి స్టీలు క్లాంపులు ఉండాలి, ఒక్కటి చాలదు. పెట్రోల్ గొట్టం మీద ఐఎస్ఓ 7840 అనీ, ఏ1 అనీ ముద్ర కనబడాలి. మంటల్లో రెండున్నర నిమిషాలు తట్టుకునే రకం అది. పక్కన మంట లేస్తే వాల్వ్ మూసి బయటపడటానికి అదే మీకు దొరికే టైము.

బ్లోయర్, అంటే ఇంజిన్ గదిలోని ఆవిరిని బయటికి లాగే ఫ్యాన్, దాని గొట్టం నోరు ఎక్కడుందో వంగి చూడండి. గది ఎత్తులో కింది మూడో వంతులో ఉండాలి, కానీ బిల్జ్‌లో మామూలుగా నిలిచే నీటికి పైన. ఆవిరి కింద ఉంటే బ్లోయర్ పైన గాలి లాగుతూ ఉండటం నేను చూసిన బోట్లలో తరచూ కనబడేదే. చప్పుడు వస్తుంది కాబట్టి పనిచేస్తోందని అందరూ అనుకుంటారు. స్టార్ట్ చేసే ముందు కనీసం 4 నిమిషాలు బ్లోయర్ తిరగాలి. అమెరికాలో పెట్రోల్ బోట్ల స్విచ్ పక్కన ఈ మాట అంటించడం చట్టమే. అయితే కింద పెట్రోల్ ద్రవంగా కారి ఉంటే నాలుగు నిమిషాలు కాదు, గంట తిప్పినా లాభం లేదు. తలుపు తెరిచి ముక్కుతో వాసన చూడండి. ఇంతకన్నా మంచి పరికరం ఇంకా రాలేదు.

ప్రశ్న: మొన్న సెలవుల్లో బోటులో ఉండగా మా అందరికీ తలనొప్పి, వికారం. పిల్లాడికి వాంతులు. అలల వల్లే అనుకున్నాం. జనరేటర్ నడుస్తూనే ఉంది. వేలికి పెట్టే ఆక్సిమీటర్‌లో అందరికీ 98 చూపించింది. పొగ వాసన కూడా రాలేదు. అయినా అనుమానంగా ఉందండీ.

మీ అనుమానం సరైనదేనమ్మా. బోటు లంగరు వేసి, నీళ్లు నిశ్చలంగా ఉన్నప్పుడు అందరికీ ఒకేసారి వికారం వచ్చిందంటే అలల మీదికి నెట్టేయకండి. తలనొప్పి, వికారం, మత్తు, తూలడం ఇంజిన్ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు లక్షణాలు. కడుపులో తిప్పడం, మందు ఎక్కువవడం, ఎండదెబ్బ అన్నీ ఇలాగే ఉంటాయి, అందుకే దొరకదు. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ వాసన రాలేదు కాబట్టి గాలి మంచిదే అనుకోవడానికి లేదు. రక్తంలో ఆక్సిజన్ కూర్చోవాల్సిన చోట ఇది 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

ఆక్సిమీటర్ సంగతి అందరికీ తెలియాలి. ఆ చిన్న పరికరం రక్తం రంగు చూసి లెక్క చెబుతుంది. ఆక్సిజన్ పట్టుకున్న రక్తానికీ, కార్బన్ మోనాక్సైడ్ పట్టుకున్న రక్తానికీ దానికి తేడా తెలియదు. ఊపిరాడని మనిషికి కూడా 98 చూపించగలదు. ఇలాంటప్పుడు ఆ అంకెని నమ్మకండి. జనరేటర్ ఆపేసి, అందరినీ బయటి గాలిలోకి తెచ్చి, ఆసుపత్రికి వెళ్లి 'జనరేటర్ పొగ' అన్న మాట నోటితో చెప్పండి. రక్తపరీక్షలో తెలుస్తుంది. మామూలు గాలిలో ఆ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది, ఆసుపత్రిలో పూర్తి ఆక్సిజన్ పెడితే గంటా గంటన్నర. మొన్నటి విషయం ఇప్పుడు రక్తంలో దొరకదు. అయినా పిల్లాడిని డాక్టరుకి ఒకసారి చూపించి జరిగింది చెప్పండి.

అసలు పొగ లోపలికి ఎలా వచ్చిందంటారా? ఎక్కువసార్లు వెనకనుంచే. బోటు నెమ్మదిగా కదులుతున్నప్పుడు, గాలికి ఎదురు నిలబడినప్పుడు దాని వెనక గాలి సుడి తిరిగి, వదిలిన పొగని తిరిగి లోపలికి లాగుతుంది. ముందు కిటికీలు మూసి, వెనక పరదా తెరిచి ఉంచితే మరీ ఎక్కువ. పక్కన ఇంకో బోటు కట్టుకుని ఉంటే వాళ్ల జనరేటర్ పొగ కూడా మీకే.

పిల్లల్ని వెనక నీళ్లలోకి దించే ముందు జనరేటర్ ఆపండి, ఆపాక కూడా కొంతసేపు ఆగండి. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. 2000 ఆగస్టులో అమెరికాలోని లేక్ పావెల్ అనే జలాశయంలో ఇద్దరు అన్నదమ్ములు హౌస్‌బోటు వెనక డెక్ కిందికి ఈదుకుంటూ వెళ్లి చనిపోయారు. జనరేటర్ పొగ ఆ డెక్ కింది బోలులోకే వదిలేలా ఉంది. తర్వాత అక్కడి నియోష్ అనే సంస్థ అలాంటి హౌస్‌బోట్లలో కొలిస్తే, ఆ బోలులో పది లక్షల భాగాల గాలికి 30,000 భాగాల దాకా కార్బన్ మోనాక్సైడ్ కనబడింది. అదే సంస్థ లెక్కలో 1,200 దాటితే ప్రాణాపాయం. అంటే బయట, ఆరుబయట, నీళ్లలో ఉన్నవాళ్లకి కూడా. కొన్ని బోట్లలో పొగని పైకప్పు దాటేలా నిలువు గొట్టంలో పంపడం ఆ తర్వాతి మాట. కేటలిస్ట్ ఉన్న జనరేటర్లూ వచ్చాయి, పొగలో ఈ విషం వాటిలో బాగా తక్కువ. అవి పెట్టుకున్నా అలారం మాత్రం తీసేయకండి.

పడుకునే ప్రతి గదిలో ఒక కార్బన్ మోనాక్సైడ్ అలారం, ముఖం ఎత్తుకి దగ్గరగా. ఆ వాయువు బరువు ఇంచుమించు గాలితో సమానం, కిందికీ దిగదు పైకీ పోదు, కలిసిపోతుంది. బోట్లకి ఈఎన్ 50291-2 అని రాసి ఉన్నది కొనండి, ఇంటి రకం తేమకీ వణుకుకీ నిలవదు. వెనక గడువు తేదీ ఉంటుంది, అది దాటితే పైకి పనిచేస్తున్నట్టు కనబడినా నమ్మకండి. పెట్రోల్ ఆవిరి అలారం వేరే, అది బిల్జ్‌లో కింద ఉండాలి. ఒకటి కొని రెండు పనులూ అయ్యాయనుకోవద్దు.

ప్రశ్న: ఒడ్డు కరెంటు కేబులూ, జనరేటరూ రెండూ ఒకే బోర్డుకి వస్తాయి. ఒక ఎంసీబీ వేస్తే రెండోది ఆపేయాలని గుర్తుపెట్టుకుంటే చాలదా? ఇంకోటి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే తనే ఆపేసే స్విచ్) టెస్ట్ బటన్ నొక్కితే పడుతోంది, ఎర్తింగ్ బాగున్నట్టే కదా?

రెండిటికీ కాదనే జవాబు. రాత్రి నిద్రమత్తులో ఎవరో రెండూ వేసేస్తారు. జనరేటర్ నడుస్తుండగా ఒడ్డు కేబుల్ పీకారనుకోండి, ఆ ప్లగ్గు పిన్నుల్లో 230 వోల్టులు చేతికి తగిలేలా ఉంటాయి. ఒకటి తెగాకే రెండోది కలిసే చేంజోవర్ స్విచ్ పెట్టించండి. అది ఫేజ్‌తో పాటు న్యూట్రల్‌ని కూడా తెంచాలి. జనరేటర్ మీద నడిచేటప్పుడు న్యూట్రల్, ఎర్త్ కలిసేది జనరేటర్ దగ్గరే. ఒడ్డు కరెంటు మీద ఉన్నప్పుడు బోటులో ఆ కలయిక ఉండకూడదు.

టెస్ట్ బటన్ గురించి చాలామందికి ఈ అపోహ ఉంది. బటన్ నొక్కితే లోపలున్న చిన్న రెసిస్టర్ ద్వారా తనే ఒక దొంగ లీకేజీ సృష్టించుకుని పడిపోతుంది. ఎర్త్ వైరు అసలు లేకపోయినా పడుతుంది. కాబట్టి స్విచ్ పనిచేస్తోందని మాత్రమే తెలుస్తుంది. చిన్న ఇన్వర్టర్ జనరేటర్లలో న్యూట్రల్‌ని ఎర్త్‌కి కలపరు, అక్కడ నిజంగా లీకేజీ అయినా 30 మిల్లీయాంప్‌ల ఆర్‌సీసీబీ పడకపోవచ్చు. ఎలక్ట్రీషియన్‌తో మీటర్ పెట్టి కొలిపించండి.

ప్రశ్న: ఎంత పెద్దది తీసుకోవాలి?

ఏకకాలంలో నడిచేవాటి వాట్లు కూడండి. అందులో ఏసీ, ఫ్రిజ్ ఉంటే మొదలయ్యే క్షణంలో మోటార్ మూడు నుంచి ఐదు రెట్లు లాగుతుంది, దానికి చోటు వదలండి. చప్పుడు భరించలేనివాళ్లు 1500 ఆర్‌పీఎమ్‌ది చూడండి. 3000 ఆర్‌పీఎమ్‌ది చిన్నగా, తేలికగా ఉంటుంది గానీ అరుస్తుంది.

ప్రశ్న: పెట్రోల్ నింపేటప్పుడు జాగ్రత్తలు?

క్యానులని బోటు మీద నింపకండి, ఒడ్డున నేల మీద పెట్టి నింపండి. బోటు ట్యాంకైతే జనరేటర్, వంట స్టవ్, ఇంజిన్ అన్నీ ఆపి, అందరినీ దించి, క్యాబిన్ తలుపులు కిటికీలు మూయండి. పంపు నాజిల్‌ని ట్యాంకు నోటికి ఆనించే ఉంచండి, స్టాటిక్ రవ్వ రాకుండా. గొంతు దాకా నింపవద్దు, ఎండకి పెట్రోల్ ఉబ్బి గాలి గొట్టంలోంచి పొంగుతుంది. అయ్యాక అన్నీ తెరిచి, వాసన చూసి, బ్లోయర్ తిప్పి, తర్వాతే స్విచ్.

ప్రశ్న: బ్యాటరీ తగ్గగానే జనరేటర్ తనే స్టార్ట్ అయ్యేలా ఆటో స్టార్ట్ పెట్టిస్తే రాత్రంతా ఏసీ వేసుకుని హాయిగా నిద్రపోవచ్చు కదా?

పెట్రోల్ జనరేటర్‌కి ఆటో స్టార్ట్ నేను బిగించను. ఎవరైనా బిగించమన్నా బిగించను. బ్లోయర్ తిప్పే మనిషి లేడు, వాసన చూసే ముక్కు లేదు, నీళ్లలో ఎవరైనా ఉన్నారేమో చూసే కన్ను లేదు. పైగా మీరందరూ నిద్రలో. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కుతుంటే నిద్ర ఇంకా గాఢమవుతుందే తప్ప మెలకువ రాదు.

రాత్రంతా ఏసీ కావాలంటే పెద్ద లిథియం బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టించుకుని, పగలు మనుషులు లేచి ఉండగా జనరేటర్‌తో చార్జ్ చేసుకోండి. డబ్బూ చోటూ ఉంటే డీజిల్ జనరేటర్ నయం. డీజిల్ ఆవిరి మామూలు వేడికి అంటుకోదు, పొగలో కార్బన్ మోనాక్సైడ్ కూడా చాలా తక్కువ. ఏది ఉన్నా పడుకునే ముందు ఆపేయండి, ఉక్కపోస్తే ముందు వైపు హ్యాచ్, అంటే డెక్ మీది తలుపు, తెరుచుకోండి.