కరగ చూపించాలంటే పౌర్ణమికి పిలిపించండి

ఉగాదికి కర్నూలు నుంచి అమ్మానాన్నలు వస్తే బెంగళూరు కరగ పండగ ఊరేగింపు చూపించొచ్చా అని అడిగారు కదండీ. అప్పుడు కుదరదు. అసలు కరగ చైత్ర పౌర్ణమి రాత్రి, ఉగాదికి రెండు వారాల తర్వాత. తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి అర్ధరాత్రి దాటాకే బయల్దేరుతుంది, మధ్యాహ్నమే ఓ కునుకు తీయమనండి.

తిగళులు అనే సామాజిక వర్గంవాళ్లు ద్రౌపదమ్మను శక్తిగా కొలిచే పండగ ఇది. తిమిరాసురుడి మీద పోరుకు ఆమె వీరకుమారులను సృష్టించిందని, వాళ్లకోసం ఏటా వస్తానని మాటిచ్చిందని కథ. అందుకే పూజారి ద్రౌపదమ్మలా ఆడవేషంలో, గాజులేసుకుని, కరగ అనే మల్లెపూలు కప్పిన కుండను తలమీద మోస్తాడు. చుట్టూ కత్తులతో వీరకుమారులు. ఊరేగింపు కాటన్‌పేటలోని మస్తాన్ సాబ్ దర్గాకూ వెళ్తుంది. నాకైతే అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. గుడి ముందు తోపులాట ఎక్కువ, పెద్దవాళ్లను ఊరేగింపు దారిలో ఏదైనా అరుగు మీద కూర్చోబెట్టండి.