ఎమ్మెల్యే గారి ఎన్నికల కాగితాలు చదవడం ఎలా

చిట్టితల్లికి,

పెదనాన్న ఆశీస్సులు. మీ నియోజకవర్గం ఎమ్మెల్యే మీద పెద్ద కథనం రాయమని డెస్కు వాళ్లు నీకు అప్పజెప్పారని మీ నాన్న చెప్పాడు. గెలుపు మీద హైకోర్టులో కేసు, ఖర్చు మీద ఊరంతా గుసగుసలు ఉన్నాయట. కలెక్టరేట్ ఎన్నికల విభాగంలో ఆ కాగితాల మధ్యే నా ఉద్యోగం గడిచింది కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. జనం అనుకునేది వేరు, కోర్టు తేల్చింది వేరు, అభ్యర్థి తానే సంతకం పెట్టి ఒప్పుకున్నది వేరు. ఈ మూడింటినీ ఒకే పేరాలో కలిపేయకు.

ముందు అఫిడవిట్ పట్టుకో, అంటే నామినేషన్‌తో పాటు అభ్యర్థి తన ఆస్తులు, కేసుల గురించి ఇచ్చే ప్రమాణపత్రం. ఫారం 26 అంటారు. ఈసారిది ఒక్కటే చదివితే ఏమీ తెలియదు, 2018ది, 2023ది పక్కపక్కన పెట్టుకో. భార్య కాలమ్ దగ్గర నిదానంగా ఆగు, దాచేవాళ్లు ఎక్కువగా అక్కడే దాస్తారు. పాతదాంట్లో ఉన్న సర్వే నంబరు కొత్తదాంట్లో మాయమైతే గబుక్కున ‘దాచాడు’ అని రాయకు, అమ్మి ఉండొచ్చు. ఆ భూమి ఈసీ, అంటే అమ్మకాలు, తాకట్ల వివరాలు చూపే ధ్రువపత్రం తీయించు, తేలిపోతుంది.

కొత్తగూడెం కేసు తీర్పు కాపీ సంపాదించి చదువు. 2018లో వనమా వెంకటేశ్వరరావు గెలిచారు, వనమా తన అఫిడవిట్‌లో ఆస్తుల వివరాలు దాచారని ఓడిన జలగం వెంకటరావు పిటిషన్ వేశారు. 2023 జులై 25న తెలంగాణ హైకోర్టు ఆ ఎన్నిక చెల్లదని, జలగమే ఎమ్మెల్యే అని చెప్పింది. రెండు వారాలు తిరక్కుండానే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఇంతలో ఎన్నికలు రానే వచ్చాయి, కూనంనేని సాంబశివరావు గెలిచారు. ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని ప్రజాప్రాతినిధ్య చట్టంలోనే ఉంది. ఇక్కడ నాలుగున్నరేళ్లు పట్టింది. నన్నడిగితే ఎమ్మెల్యే దాచాడా లేదా అన్నదానికంటే ఈ ఆలస్యమే పెద్ద వార్త, కానీ దాన్ని ఎవరూ పతాక శీర్షికకు ఎక్కించరు.

అలాగని అఫిడవిట్‌లో ప్రతి లోపమూ పదవి ఊడగొట్టదు. 2024 ఏప్రిల్‌లో అరుణాచల్ ప్రదేశ్ ఎమ్మెల్యే కారిఖో క్రి కేసులో సుప్రీంకోర్టు ఆ సంగతి స్పష్టంగా చెప్పింది: ఇంట్లో ఉన్న ప్రతి చరాస్తినీ చెప్పనక్కర్లేదు, ఓటరు నిర్ణయాన్ని ప్రభావితం చేసేంత విలువైనదైతేనే లెక్కలోకి వస్తుంది. కాబట్టి ‘తప్పుడు అఫిడవిట్’ అనే మాట నీ కలం నుంచి తేలిగ్గా రాకూడదు.

కేసు గురించి రాసేటప్పుడు మూడు తేదీలు వెతుకు: ఫలితం ఎప్పుడొచ్చింది, పిటిషన్ ఎప్పుడు వేశారు, ఇప్పుడు ఏ దశలో ఉంది. ఫలితం వచ్చిన 45 రోజుల్లోపు హైకోర్టులోనే వెయ్యాలి, ఆ గడువు దాటితే గొంతు చించుకున్నా లాభం లేదు. ధర్మపురిలో 2018లో గెలుపు తేడా 441 ఓట్లే. ఆ ఫలితం మీద కోర్టుకెక్కిన వివాదంలో 2023 ఏప్రిల్‌లో ఎన్నికల సామగ్రి భద్రపరిచిన స్ట్రాంగ్ రూమ్ తెరవబోతే తాళంచెవులు కనిపించలేదు. చదివి నేను తల పట్టుకున్నాను. తాళంచెవి ఎవరి దగ్గరుందో రిజిస్టర్‌లో రాసుకోవడం మా శాఖలో ఓనమాలు కదమ్మా!

ఇక ఖర్చు. అసలు మజా ఇక్కడే ఉంది. నామినేషన్ వేసిన రోజు అభ్యర్థికి ఒక రిజిస్టర్ ఇస్తారు. తెల్ల కాగితాల మీద రోజువారీ ఖర్చు, గులాబీ రంగు వాటి మీద నగదు, పసుపు వాటి మీద బ్యాంకు లెక్క. టీ ఎంత, బిర్యానీ ప్యాకెట్ ఎంత, కుర్చీ అద్దె ఎంత అన్న ధరల పట్టిక జిల్లా ఎన్నికల అధికారే ఖరారు చేస్తారు. అటు పరిశీలకుల బృందం సభల వీడియోలు చూసి, అభ్యర్థి లెక్కతో పోల్చడానికి తన సొంత లెక్క, అంటే షాడో రిజిస్టర్ రాస్తుంది. అభ్యర్థి వెయ్యి కుర్చీలంటాడు, వీడియోలో నాలుగు వేలు కనిపిస్తాయి. నువ్వు వెతకాల్సింది ఆ తేడానే. ఎంత తేడాకు నోటీసు ఇచ్చారు, ఆయన ఏం జవాబిచ్చాడు, చివరికి ఎంత కలిపారు?

తెలంగాణలో అసెంబ్లీ అభ్యర్థికి పరిమితి 2018లో 28 లక్షలు, 2023లో 40 లక్షలు. పార్టీ ఖర్చుకు మాత్రం హద్దు లేదు. పెద్ద నాయకుడు సభ పెడితే అది పార్టీ ప్రచారం, మన అభ్యర్థి ఆ వేదిక ఎక్కితే మాత్రం ఆయన వాటా ఆయన లెక్కలో పడాలి. అందుకే తెలివైనవాళ్లు కింద జనంలో నిలబడి దండం పెట్టేవారు. ఓటుకు పంచే నోట్లు ఏ రంగు కాగితం మీదా ఉండవు, వాటి కోసం రిజిస్టర్ తిరగేసి టైము పోగొట్టుకోకు. పోలీసు కేసులు, పట్టుబడిన సొమ్ము పంచనామాలు అడుగు.

డబ్బు ఎక్కడిదన్నది కూడా ఆ లెక్కలోనే రాయాలి, పార్టీ ఇచ్చింది ఎంత, విరాళం ఎంత, అప్పు ఎంత అని. పార్టీ అసెంబ్లీ ఎన్నికయ్యాక 75 రోజుల్లో ఎన్నికల కమిషన్‌కు విడిగా లెక్క ఇస్తుంది. ఈయన పేరు పక్కన పార్టీ రాసిన అంకె, ఈయన తన లెక్కలో చూపిన అంకె ఒకటేనా? చాలాసార్లు కావు. ఎన్నికల బాండ్ల జోలికి పోకు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టేసింది, తర్వాత బయటపడ్డ జాబితాలో డబ్బు అందుకున్నవాళ్లుగా ఉన్నవి పార్టీల పేర్లే, ఎమ్మెల్యేలవి కావు.

ఖర్చుల లెక్క చూపించమని జిల్లా ఎన్నికల అధికారిని ఎవరైనా అడగొచ్చు. నియమాల ప్రకారం చూడ్డానికి రుసుము ఒక్క రూపాయి. గుమాస్తా ‘సారు లేడు, రేపు రా’ అంటాడు. దరఖాస్తు రాసిచ్చి, ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకో.

అచ్చుకు ఇచ్చే ముందు ఎమ్మెల్యే గారికి ప్రశ్నలు రాతపూర్వకంగా పంపు. ఫోన్‌లో అడిగితే ‘చూద్దాంలే అమ్మా’ అని పెట్టేస్తారు. జవాబిస్తే పూర్తిగా వెయ్యి, ఇవ్వకపోతే ఏ రోజు అడిగావో రాయి. తీర్పులో అర్థం కాని పేరాలుంటే ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టు. మధ్యాహ్నం మాత్రం ఫోన్ చెయ్యకు, పెద్దమ్మ కోప్పడుతుంది.

మీ పెదనాన్న