ఎముకల గోళీలు వేసుకుంటే రక్తంలో కాల్షియం పెరుగుతుందా?

సాధారణంగా పెరగదు, ఆస్టియోపొరోసిస్‌కు (ఎముకలు గుల్లబారే జబ్బు) ఎక్కువగా రాసే అలెండ్రోనేట్ గోళీలు, జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్ దాన్ని కాస్త తగ్గిస్తాయి. ఎముకను అరగదీసి కాల్షియంను రక్తంలోకి వదిలే కణాలను ఇవి అణచిపెడతాయి. కాల్షియం బాగా పెరిగినవాళ్లకు వైద్యంగా ఎక్కించేదీ ఈ జోలెడ్రోనిక్ యాసిడే. గోళీతో అసలు ఇబ్బంది ఛాతీలో మంట. పరగడుపున గ్లాసు నిండా నీళ్లతో మింగి, అరగంట నడుం వాల్చొద్దనేది అందుకే. రోజూ పొడుచుకునే టెరిపారటైడ్ ఇంజెక్షన్ మాత్రం వేరు, అది కొన్ని గంటలపాటు కాల్షియంను పెంచగలదు.

హనుమకొండలో ఒక పెద్దావిడ వారానికో అలెండ్రోనేట్ వేసుకుంటోంది, రిపోర్టులో కాల్షియం 11.4 వచ్చింది అనుకుందాం (10.5 దాటితే ఎక్కువే). ముందు చూడాల్సింది ఆమె మందుల కవరు: రెండు పూటలా కాల్షియం గోళీలు, డాక్టర్ 8 వారాలకే రాసినా మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుంటున్న 60,000 యూనిట్ల విటమిన్ డి ప్యాకెట్లు. అవేవీ లేకపోతే, రక్తంలో కాల్షియంను అదుపు చేసే పారాథైరాయిడ్ హార్మోన్ పరీక్ష చేయిస్తారు.

రక్తంలో కాల్షియం ఎక్కువుంటే ఎముకలు గట్టిగా ఉన్నట్టేనని చాలామంది అనుకుంటారు. చాలాసార్లు ఉల్టా. పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేస్తే ఎముకల్లోని కాల్షియమే రక్తంలోకి దిగుతుంది. ఎముకలు గుల్లబారడానికి మూలం అదే కావచ్చు.