తుపాను తరువాత కంచంలోంచి ముందు పోయేది పప్పే

పేద దేశాల్లో పోషకాహార భద్రతనూ వాతావరణ మార్పులను ఎదుర్కొనే పనినీ కలిపి సాధించగలమా అన్నది ప్రశ్న. తప్పక సాధించగలం, అందుకు దారి పప్పుధాన్యాలే అన్నది నా గట్టి నమ్మకం. మాది తెనాలి వైపు కాలువ కింది పల్లె; సార్వాలో, అంటే వానాకాలం సాగులో, వరి తప్ప మరో పంట మాట ఇక్కడ వినబడదు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేనాటికి మా ఊళ్లో కోసిన వరి ఇంకా పనల మీదే ఉంది. వాన వెలిశాక, మా పొరుగున కౌలు చేసుకునే దంపతులు మోకాటి లోతు నీళ్లలోంచి పనలు ఎత్తి గట్టున వేస్తుంటే, కంకుల నిండా తెల్లని మొలకలు కనిపించాయి. కోతకు ముందు వరిలో చల్లిన మినుము అప్పటికే కుళ్లిపోయింది. మనిషికి 5 కిలోల చొప్పున రేషన్ బియ్యం అందుతుండడం వల్ల వారు పస్తులు పడుకోలేదు గాని, ముందు పాలు మానేశారు, తరువాత గుడ్లు, ఆ పైన కందిపప్పు. చివరికి పిల్లలకు మిగిలింది అన్నం, గోంగూర పచ్చడి, నీళ్ల చారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉన్నదంటే, ఇలాంటి వంటిళ్లు ఎన్ని ఉన్నాయో ఊహించుకోవచ్చు.

ఆ చేలోనే, నీటికి ఎత్తుగా గట్టు మీద వేసిన నాలుగు కంది మొక్కలు మాత్రం నిలబడి కాపు ఇచ్చాయి. కంది, మినుము, పెసర వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పైరుకు అందిస్తాయి కాబట్టి యూరియా వాడకం తగ్గుతుంది, దానితోపాటు యూరియా వేసిన నేల నుంచి వెలువడి భూమిని వేడెక్కించే నైట్రస్ ఆక్సైడ్ వాయువు కూడా తగ్గుతుంది. నిలవ నీటి వరి మడులు అలాంటిదే మరో వాయువు, మీథేన్‌ను వదులుతాయి; పైగా గాలిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగేకొద్దీ బియ్యంలో ప్రోటీన్, జింకు తగ్గుతాయని పరిశోధనలు తేల్చాయి. అలాంటప్పుడు కడుపు నింపే బాధ్యతంతా బియ్యానికే వదిలేయడం అన్యాయం. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకున్నాం, కానీ విజయవాడ దుకాణాల్లో ఆ కొర్రల పొట్లాల ధర చూస్తే కూలి మనిషి దగ్గరకు కూడా వెళ్లలేడు.

రాష్ట్ర ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో తొలకరికి ముందే నవధాన్యాలు చల్లిస్తోంది; పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ ఫౌండేషన్ ఇచ్చే పురస్కారాన్ని 2024లో అందుకున్న మూడింటిలో ఆ సంస్థ నడిపే ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం ఒకటి. అయితే మా వైపు సాగు చేసేవారిలో చాలామంది కౌలుదారులు. ధాన్యం బస్తాల్లో కౌలు కొలవవలసిన మనిషి, వచ్చే ఏడు ఆ పొలం తనకు దక్కుతుందో లేదో తెలియని మనిషి, నేలను బాగుచేసే పంట ఎందుకు వేస్తాడు? 2019 నాటి సాగుదారుల హక్కుల చట్టం పొలం యజమాని సంతకం లేనిదే కౌలుదారుకు సాగు హక్కు పత్రం ఇవ్వనన్నది. ఆ సంతకం పెట్టే ఆసాములు మా ఊళ్లో అరుదు. ముందుగా ఆ సంతకం నిబంధనను తొలగించాలి. ఆపై గట్ల మీద పండిన కందిని మద్దతు ధరకు ఊళ్లోనే కొని, అదే ఊరి రేషన్ దుకాణంలో బియ్యంతోపాటు ప్రతి నెలా తప్పకుండా ఇవ్వాలి.